కారు ముల్లు, దొడ్డమ్మ ఈనె

మొన్న మా సతీషు కారు సావిట్లో నిలబడి మెకానిక్కుతో, "నెమ్మదిగా తియ్యి ప్రసాదూ, లోపల దొడ్డమ్మ ఈనె ఇరుక్కుని ఉంటాది" అని పకపకా నవ్వేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి చేతిలో ఫోను, ఫోనులో వీడియో. ట్యాంకులోంచి ఈనె ముక్క బయటపడే ఘడియ కోసం దాన్ని అలా గురిపెట్టి పట్టుకున్నాడు. ముక్క దొరికితే "మా ఇంటి కథ" అని పేరు పెట్టి ఊరందరికీ చూపిస్తాడట. కథట! నేను ఆ కథలో కూర్చున్నదాన్ని. ఆ కారు సీట్ల వెనక, సామాన్లు పెట్టుకునే ఇరుకు పలక మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నదాన్ని. ఏం జరిగిందని నన్నొక్క మాట అడిగినవాళ్ళు లేరు, అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. అందుకని అడక్కుండానే చెబుతున్నాను.

సతీషు మా పెదనాన్నగారి మనవడు. పెదనాన్నగారి ఒక్కగానొక్క కొడుకు మా అన్నయ్య, వీడి తండ్రి. నేను పెదనాన్నగారి తమ్ముడి కూతుర్ని. పెళ్ళయి అమలాపురం వెళ్ళేదాకా అందరం ఒక్క కుండలో అన్నమే తిన్నాం. అన్నయ్యకి మోకాలు ఆపరేషనయిందంటే చూసిపోదామని వెళ్ళాను. వెళ్ళేసరికి సావిట్లో తాటాకు చాపల కింద ఇన్నాళ్ళూ పడున్న పెదనాన్నగారి ఎర్ర కారుని వెలుగులోకి తీశారు. ఇద్దరే కూర్చునే కారు అది. పైకప్పు లేదు. ముక్కు పొడుగ్గా, ఒళ్ళు నేలకి అంటుకుపోయినట్టుండే పందేల కారు. సతీషు పెళ్ళిళ్ళకి పందిళ్ళూ లైట్లూ పెట్టిస్తాడు. ఇప్పుడు పెళ్ళికి ముందే ఆ పిల్లనీ పిల్లాణ్ణీ కొబ్బరితోటల్లోనూ కాలవ గట్ల మీదా తిప్పి ఫోటోలు తీస్తున్నారు కదా, వాళ్ళని కూర్చోబెట్టడానికి ఇది పనికొస్తుందని వాడికి తోచింది. ఇంజను బాగుచేయించాడు. చక్రాలు మార్పించాడు. సీట్లు కుట్టించాడు. అన్నీ కుదిరాయి గానీ పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు మాత్రం కుదరలేదు. ట్యాంకు నింపినా, ఖాళీ చేసినా, సగానికి కాస్త పైన నిలబడి కదలనంటుంది. నా చిన్నప్పుడు ఎక్కడ నిలబడిందో ఇప్పుడూ అక్కడే. మనుషుల ముఖాలు మరిచిపోతున్నానేమో గానీ ఆ ముల్లు ముఖం మరిచిపోలేదు.

మా ఇంట్లో ఒక మాట ఉంది. బాగా నడుస్తున్న వస్తువులో ఎవరైనా వేలు పెడితే "దొడ్డమ్మ ఈనె పెట్టకు" అంటారు. కోడలు కొత్త మిక్సీ మూత విప్పి చూస్తే దొడ్డమ్మ ఈనె. అల్లుడు టీవీ వెనక తీగ కదిపితే దొడ్డమ్మ ఈనె. పెళ్ళిభోజనాల్లో వంటవాడి గరిట పుచ్చుకుని ఉప్పు చూసిన ఆడదానికీ అదే మాట. ఆ దొడ్డమ్మ ఎవరో, ఏ ఈనె, ఎందులో పెట్టిందో ఇప్పటి పిల్లలకి తెలియదు. నవ్వడం మాత్రం తెలుసు. దొడ్డమ్మంటే మా పెదనాన్నగారి భార్య, ఈ సతీషుకి సొంత మామ్మ. వాడు గోచీ పెట్టుకోకముందే ఆవిడ పోయింది. పోయినావిడకి దినం పెడతారు, ఫోటోకి దండ వేస్తారు, దండ వేసిన చేత్తోనే ఈ మాట అంటారు. నాకు ఒళ్ళు మండదా మరి?

దొడ్డమ్మకి చూపు మీద నమ్మకం లేదు, చప్పుడు మీద అసలే లేదు. ఏ సరుకు ఎంతుందో పుల్ల పెట్టి చూస్తే గానీ ఒప్పుకునేది కాదు. మా ఇల్లు రాజోలుకి దగ్గర, చుట్టూ కొబ్బరితోట. ఆ రోజుల్లో ఇంట్లో అన్నీ పెద్ద పెద్ద పాత్రల్లో ఉండేవి. కిరసనాయిలు డ్రమ్ము వెనక వసారాలో, నువ్వులనూనె జాడీ వంటింటి మూల, కుడితి గోళెం పశువుల పాకలో. పొద్దున్నే, ఇంకా మసక వదలకముందే, దొడ్డమ్మ పెరట్లోకి వెళ్ళి అప్పుడే కొట్టిన కొబ్బరి మట్ట నుంచి ఒక ఆకు తుంపేది. కత్తిపీట ముందు కూర్చుని, ఆకు రెండు పక్కలా జర్రున చీల్చి, మధ్యలో పచ్చటి ఈనె తీసేది. ఆ ఆకు పసరు వాసన, పక్కన పొయ్యిలో కొబ్బరి డొక్కలు అంటుకుంటున్న పొగ వాసన, రెండూ కలిస్తే మాకు తెల్లారినట్టు. ఆ ఈనెని డ్రమ్ములోకి దింపి, అడుక్కి తగలగానే పైకి తీసి, తడి ఎంతవరకూ ఉందో వేళ్ళతో కొలిచి, "ఏకాదశి దాకా వస్తాది" అనేది. ఏకాదశి దాకా వచ్చేది. ఒకసారి వాడిన ఈనె రెండోసారి వాడేది కాదు. "ఎండితే పెళుసెక్కుతాదే, లోపల విరిగితే ఎవరు తీస్తారు?" అనేది. ఎండిన ఈనెలు చీపురు కట్టకి వెళ్ళేవి. పచ్చి ఈనె పని కొలవడం, ఎండు ఈనె పని ఊడవడం. ఆవిడ లెక్క అది. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోండి. మా వాళ్ళెవరూ గుర్తుపెట్టుకోలేదు.

పెదనాన్నగారు కొబ్బరి వ్యాపారం మీద మద్రాసు వెళ్ళొస్తుండేవారు. మనిషి మంచివారు, చెయ్యి పెద్దది, కానీ నలుగురిలో తల దించుకోవాల్సి వస్తే చచ్చినంత పని. ఒకసారి మద్రాసు నుంచి వస్తూ ఈ కారు తెచ్చారు. ఎవరో దొర వాడి వదిలేసినదట, దాని పేరు మా నోళ్ళకి తిరిగేది కాదు. అందరం "పందేల కారు" అనేవాళ్ళం. అది వస్తోందని తెలిసి పిల్లలం కాలవ గట్టు మీదకి పరిగెత్తాం. ఏం చూశాం? రెండు ఎడ్లు ముందు, కారు వెనక. పెదనాన్నగారు స్టీరింగు పట్టుకుని, కండువా సర్దుకుంటూ, ఎదురైన వాళ్ళందరికీ "ఇంజను వేడెక్కిందండి, చల్లారాలి" అని చెప్పుకుంటూ వస్తున్నారు. గుమ్మంలో దొడ్డమ్మ హారతిచ్చింది, కారు ముక్కు మీద కుంకుమ బొట్టు పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అన్నీ అయ్యాక లోపలికి వంగి చూసి అడిగింది.

"ఏమండీ, ఈ ముల్లేంటి చెబుతాది?"

"పెట్రోలెంతుందో చెబుతాది."

"మరి సగానికి పైన ఉందంటోందిగా. ఎడ్లెందుకు లాక్కొచ్చేయండి?"

అరుగు మీద వాళ్ళు నవ్వారు. పెదనాన్నగారు "చెప్పేను కదే, వేడెక్కిందని" అని గసిరి లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి పాలేరు రాజోలు నుంచి డబ్బాతో పెట్రోలు తెచ్చాడు. అది పొయ్యగానే కారు బుర్రుమని లేచింది. వేడెక్కిన ఇంజనుకి పెట్రోలు పోస్తే చల్లారుతుందా? నాకప్పుడు పదేళ్ళుండవు, నాకే అర్థమయింది. అంటే వచ్చిన రోజే, దొడ్డమ్మ చెయ్యి తగలకముందే, ముల్లు అబద్ధాలకోరని ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఆ మర్నాటి నుంచి దొడ్డమ్మ కారుని కూడా డ్రమ్ముల జాబితాలో చేర్చింది. పెదనాన్నగారు బయల్దేరే ముందు పచ్చి ఈనె తీసి, వెనక మూత తిప్పి, గొట్టంలోంచి దింపేది. గొట్టం వంకరగా ఉండేది. ఈనె ఆ వంకరలో పాములా వంగి వెళ్ళేది. బయటికి తీసి, తడి ఆరిపోయేలోపు గబుక్కున చూసి, "అమలాపురం వెళ్ళి రావచ్చండి", "రాజోలు దాకా మాత్రమేనండి" అని చెప్పేది. ఆవిడ వేళ్ళకి పెట్రోలు వాసన పట్టేసింది. మాకు అన్నం ముద్దలు కలిపి పెడితే ఆ వాసన వచ్చేది, "ఛీ దొడ్డమ్మా" అని గోల చేసేవాళ్ళం. చింతపండుతో రుద్దుకునేది, మజ్జిగతో కడుక్కునేది, అయినా వదిలేది కాదు. పెదనాన్నగారు మొదట్లో నవ్వుకున్నా ఆవిడ మాటే వినేవారు. ఆ రోజులన్నీ కారు ఎక్కడా ఆగలేదు. ఒక్కసారి కూడా ఆగలేదు.

రాయవరం వైపు నుంచి ఒక రైసుమిల్లు ఆయన కొబ్బరి బేరానికి వచ్చిన రోజున చెడింది. వాళ్ళిద్దరూ కారులో బయల్దేరబోతుంటే దొడ్డమ్మ ఈనెతో వచ్చింది. ఆ పెద్దమనిషి చూసి పెదవి విరిచాడు.

"ఏంటండీ ఇది! లక్ష్మీదేవిలాంటి బండికి చీపురుపుల్ల పెట్టి చూస్తున్నారు? బొట్టు పెట్టిన బండికి చీపురు తగలొచ్చాండీ?"

అంతే. పెదనాన్నగారి మొహం కారు కంటే ఎర్రగా అయింది. దొడ్డమ్మ చేతిలోంచి ఈనె లాక్కుని కాలవలోకి విసిరారు. "చీపురు కాదండి, పచ్చి ఈనె" అని ఆవిడ మెల్లగా అంటూనే ఉంది. సాయంత్రం తిరిగొచ్చాక దేవుడి గూటి ముందు నిలబెట్టి, వెలుగుతున్న దీపం మీద ఒట్టు వేయించారు, ఇంకెప్పుడూ ఆ బండిలో ఈనె పెట్టనని. ఆవిడ వేసింది. దీపం మీద ఒట్టంటే ఆవిడకి ఆషామాషీ కాదు.

ఆ తర్వాత కొంతకాలానికి, ఒక మధ్యాహ్నం, భోజనాలయి ఎంగిలాకులు ఎత్తుతుంటే కొత్తపేట వైపు నుంచి ఒకాయన సైకిలు మీద చెమటలు కారుతూ వచ్చాడు. దొడ్డమ్మ పుట్టింట్లో పనిచేసే మనిషి. గుమ్మంలోనే, "అమ్మగారికి బాగోలేదండి. మాటిమాటికీ మిమ్మల్నే అడుగుతున్నారండి. వెంటనే బయల్దేరండి" అన్నాడు. దొడ్డమ్మ తడిచేతులతోనే నిలబడిపోయింది. ఆవిడకి తల్లి తప్ప పుట్టింట్లో ఎవరూ లేరు. కారు వచ్చినప్పటి నుంచీ అందులో ఆవిడ కోసమని బయల్దేరిన ప్రయాణం అదొక్కటే. అప్పుడు వంతెనలు లేవు. గోదావరి వైనతేయ పాయ దగ్గర, రెండు పడవల మీద చెక్కలు పరిచిన పంటి మీద బండ్లని అటు దాటించేవాళ్ళు. పొద్దు వాలితే పంటి కట్టేసేవాళ్ళు. పొద్దుండగానే అక్కడికి చేరాలి. నేను ఏడుస్తూ కొంగు వదలకపోతే నన్నూ ఆ వెనక పలక మీద కుక్కారు.

దొడ్డమ్మ కారెక్కబోతూ ఆగింది. "ఏమండీ, ఈ ఒక్కసారికి చూడనివ్వండి. నేను పెట్టనండి, బుల్లెమ్మ చేత పెట్టిస్తాను. ఒట్టు నాది, దానిది కాదు కదా." బుల్లెమ్మంటే నేనే. పెరటి వైపు చూసింది, మట్టలు అక్కడే ఉన్నాయి. ఎంతసేపు పని? పెదనాన్నగారు వాచీ చూసుకున్నారు.

"ముల్లు సగం పైన చూపిస్తోంది కదా. ఎక్కు."

"దాన్ని నమ్మకండి..."

"ఎక్కమన్నాను."

ఎక్కింది. కాలవ గట్టు మీద కారు గాలిలా పోయింది. ఆవిడ జుట్టు ముడి ఊడి నా మొహం మీద కొట్టుకుంటోంది. ఆవిడ రోడ్డు చూడ్డం లేదు, మామిడితోపులు చూడ్డం లేదు, ముల్లు కేసే చూస్తోంది. ఏటి గట్టు కనబడుతోంది, పంటి మీద జెండాలా కట్టిన తెల్లటి గుడ్డ కనబడుతోంది, అప్పుడు ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముల్లు మాత్రం సగానికి పైనే ఉంది. పెదనాన్నగారు దిగి, మూత తిప్పి, గొట్టంలోకి చూశారు. చీకటి కనబడింది. పంటి దాకా నడిచిపోదామంది దొడ్డమ్మ. అవతల గట్టు నుంచి కొత్తపేట ఎలా వెళతాం, కారు ఇక్కడ ఎవరికొదిలేస్తాం అన్నారాయన. గొడ్లు కాసుకునే ఒకతని సైకిలు అడిగి పెట్రోలుకి పంపించారు. అతను వచ్చేసరికి పొద్దు వాలింది, పంటిని అవతల గట్టుకి కట్టేశారు. మేం ఆ పూటకి వెనక్కి తిరిగాం. మర్నాడు పొద్దున్నే మళ్ళీ బయల్దేరి దాటి వెళ్ళేసరికి వాకిట్లో నీళ్ళు చల్లేశారు. అరుగు మీద దీపం ఒక్కటే వెలుగుతోంది. తల్లిని తీసుకెళ్ళిపోయారు. "నిన్నటి పొద్దు వాలేదాకా గుమ్మం కేసే చూశారండి" అని ఎవరో ఆడమనిషి చెప్పింది. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది.

ఇందులో తప్పెవరిది? నన్నడిగితే చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది. కానీ ఇంటికి తిరిగొచ్చాక అరుగు మీద నలుగురూ చేరి "కారు ఆగిపోయిందటగా" అని పరామర్శిస్తుంటే పెదనాన్నగారు ఒకరికి చెప్పారు, తర్వాత ఇంకొకరికి చెప్పారు, చెప్పగా చెప్పగా ఆయనకే నిజమైపోయింది: "మా ఆవిడ చీపురుపుల్లలు పెట్టి పెట్టి ఒకటి లోపల విరగ్గొట్టేసిందండి. అది అడ్డం పడి ముల్లు బిగుసుకుపోయింది. లేకపోతే బంగారంలాంటి బండి." నేను పక్కనే ఉన్నాను. "కాదు పెదనాన్నగారూ, వచ్చిన రోజే ఎడ్లు లాక్కొచ్చేయి కదా, అప్పుడూ ముల్లు అక్కడే ఉంది" అన్నాను. చెంప చెళ్ళుమంది. మా నాన్నగారు కొట్టారు. అన్నగారి మాటకి అడ్డొచ్చినందుకు. ఆ దెబ్బ ఇప్పటికీ నాకు నొప్పి కాదు, కోపం. వంటింట్లో దొడ్డమ్మ నా చెంపకి వెన్న రాసింది. ఆ రోజు ఆవిడ వేళ్ళకి పెట్రోలు వాసన లేదు.

ఆ తర్వాత దొడ్డమ్మ దేన్నీ కొలవలేదు. డ్రమ్ములో కిరసనాయిలు అయిపోయి దీపాలు ఆరిపోతే మా నాయనమ్మ తిట్టింది, ఆవిడ "నాకేం తెలుస్తాదండి" అని ఊరుకుంది. నూనె అయిపోయేది, కుడితి పొంగిపోయేది. పొద్దున్నే కత్తిపీట దగ్గర ఆ జర్రుమన్న చప్పుడు ఇంక వినబడలేదు. కారు కూడా ఎక్కలేదు. కొన్నాళ్ళకి పెదనాన్నగారికీ దాని మీద మోజు తీరి సావిట్లో పడేశారు. కానీ ఆ మాట మాత్రం బతికింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఆవిడ ఎదురుగానే "దొడ్డమ్మ ఈనె" అని నవ్వేవాళ్ళు. ఆవిడ కూడా నవ్వి, ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయేది. తల్లి చివరిచూపు పోయింది, పైగా నింద మోసింది, పైగా నవ్వింది. నవ్వకపోతే "ఆవిడకి కోపం" అని ఇంకో మాట పుట్టేది.

అందుకే మొన్న సతీషు నవ్వగానే నేను కుర్చీ తెప్పించుకుని సావిట్లోనే కూర్చున్నాను. ప్రసాదు తాటిపాకలో కార్ల కరెంటు పని చేస్తాడు, నలభై దాటినవాడు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు.

"ముందర ముల్లు మంచిదో కాదో చూద్దారండి" అని, వెనక ట్యాంకు మీదున్న తీగ ఊడదీసి, సతీషుని తాళం తిప్పమని, ఆ తీగ కొసని కారు ఒంటికి తాకించాడు. ముల్లు చివరికంటా లేచింది. తీగ తీసేశాడు, ముల్లు కింద పడింది. నా జన్మలో దాని కదలిక చూడ్డం అదే మొదలు.

"ఆయ్, ముల్లూ మంచిదే, తీగా మంచిదే. అబద్ధమాడేది ట్యాంకులో ఉందండి. లోపలో ఇత్తడి బుడ్డి తేలుతా ఉంటాది. దానికో కడ్డీ. పెట్రోలు దిగితే బుడ్డి దిగుతాది, దాంతో ముల్లు దిగుతాది. ఆ కడ్డీ ఎక్కడో పట్టేసింది."

"దొడ్డమ్మ ఈనె!" అని సతీషు ఫోను దగ్గరికి తెచ్చాడు.

ఉన్న పెట్రోలు డబ్బాలోకి వంపి, ట్యాంకు కిందకి దింపి, పైనున్న బిళ్ళ మరలు విప్పి, బుడ్డినీ కడ్డీనీ బయటికి లాగాడు ప్రసాదు. ఈనె రాలేదు. చెవి దగ్గర బుడ్డి ఊపి చూశాడు, లోపల చుక్క లేదు, చిల్లి లేదు. టార్చి వేసి చూశాడు. కిరసనాయిలు పోసి ట్యాంకు తొలిపి, పాత తెల్లపంచె మీద వంపించాను నేను. తుప్పు పొలుసులు, ఎర్రమట్టి. ఈనె ముక్క కాదు కదా, ఈనె నలుసు లేదు. సతీషు చేయి పెట్టి పంచె అంతా తడిమాడు.

"ఇది ఈ కారుది కాదండి" అన్నాడు ప్రసాదు, కడ్డీని తిప్పి చూస్తూ. "వేరే బండిది తెచ్చి అతికించేరు. పాత బెజ్జాలు పూడ్చేసి పక్కన కొత్తవి కొట్టేరు, చూడండి. కడ్డీ పొడుగెక్కువయి లోపల అడ్డపలక్కి తట్టి అక్కడే ఆగిపోతోంది. పలక మీద ఎంత లోతుగా గీత పడిందో చూడండి."

"ఎప్పుడు చేసుంటారు బాబూ?" అన్నాను.

"పూడ్చిన బెజ్జాల మీద కూడా కారు రంగే ఉందండి. రంగు వెయ్యకముందే చేసేరు."

"ఈ కారుకి మేం రంగు వెయ్యలేదు. మద్రాసు నుంచి ఈ ఎరుపుతోనే వచ్చింది."

"అయితే మీ గుమ్మం ఎక్కకముందేనండి" అని ప్రసాదు వక్కపలుకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకున్నాడు. సతీషు ఫోను దించేశాడు. "అయితే కథ లేదన్నమాట" అన్నాడు. కథ లేదట! ఒక మనిషి బతుకంతా మోసిన నింద అబద్ధమని తేలితే వీడికి కథ లేదు, ఈనె దొరికితే ఉంది.

అప్పటికి మా అన్నయ్య చేతికర్ర టకటకలాడించుకుంటూ సావిట్లోకి వచ్చాడు. ఆ ప్రయాణం నాటికి వాడు రాజమండ్రి హాస్టల్లో ఉన్నాడు. తండ్రి చెప్పిందే వాడికి తెలిసింది, అదే జన్మంతా చెప్పాడు. సంగతంతా విని "పోనీలే బుల్లెమ్మా. ఎప్పటి మాట! అందరూ పోయేరు. ఇప్పుడు తవ్వుకుంటే ఏమొస్తాది?" అన్నాడు.

"పోయినావిడ మీద మాట పోలేదుగా అన్నయ్యా. నిన్న భోజనాల దగ్గర కూడా అన్నావు."

"సరదాకన్నాను."

"మీ అమ్మ తల్లిని చూసుకోలేకపోయింది. నీకు సరదా."

"ఈనె విరిగే ఉంటాదనుకున్నాం. అప్పుడెవరికి తెలుసు?"

ఎవరికి తెలుసట! ఇక్కడే నాకు మండుతుంది. కార్ల సంగతి ఎవరికీ తెలియదు, ఒప్పుకుంటాను. కొబ్బరి ఈనె సంగతి తెలియనివాడు కోనసీమలో పుట్టాడా? నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. అప్పుడే కొట్టిన మట్ట ఉంది. ఆకు తుంపి, కత్తిపీట లేకపోతే గోళ్ళతోనే జర్రున చీల్చి పచ్చి ఈనె తీశాను. ఆ పసరు వాసనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకున్నాను, కోపం చల్లారిపోతుందని. తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టాను.

"విరిచి చూపించు."

వాడు నా మొహం చూశాడు. వంచాడు. అది వంగింది. ఇంకా వంచాడు. వేలు చుట్టూ ఉంగరంలా తిరిగింది. వదిలితే టప్పున విచ్చుకుని తిన్నగా నిలబడింది. రెండు చేతులతో పట్టుకుని మెలిపెట్టాడు. నార పీచులా సాగింది గానీ విరగలేదు. ఇంటి ఆడవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళందరికీ తెలుసు. రోజూ ఈనెలు తీసేవాళ్ళే. అరుగు మీద ఆ రోజు చేరి నవ్వినవాళ్ళందరూ చేలలో, తోటల్లో పుట్టినవాళ్ళే. పచ్చి ఈనె విరగదని అందరికీ తెలుసు, దొడ్డమ్మ పచ్చి ఈనే వాడుతుందనీ అందరికీ తెలుసు. రెండూ కలిపి ఒక్కరూ అనలేదు. అంటే పెదనాన్నగారి మాట పోతుంది. ఆయన మాట పోవడం కంటే ఆవిడ మాట పోవడం సుళువు.

"చెప్పు అన్నయ్యా. 'మా అమ్మ ఏమీ విరగ్గొట్టలేదు, కారు వచ్చిందే అలా వచ్చింది' అని చెప్పు. సతీషూ, నీ ఫోను ఇప్పుడు పెట్టు."

సతీషు ఫోను ఎత్తబోయాడు. అన్నయ్య "అది తియ్యొద్దురా" అన్నాడు. ఈనెని కిందపడెయ్యలేదు, వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, కర్ర టకటకలాడించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ప్రసాదు పాత బెజ్జాలు తెరిచి, కడ్డీ కొలతకి కత్తిరించి, బుడ్డిని తిరిగి బిగించాడు. పెట్రోలు పోస్తుంటే ముల్లు అడుగు నుంచి నెమ్మదిగా లేచింది, ఎంత పోస్తే అంతే. మర్నాడు నేను అమలాపురం బయల్దేరుతుంటే సతీషు కారు గుమ్మంలోకి తెచ్చాడు. ఇప్పుడు పంట్లు లేవు, ఏటికి వంతెన ఉంది, ఊరూరికీ పెట్రోలు బంకు ఉంది. దారిలో ఆగినా ఫోను చేస్తే తెచ్చిస్తారు. ఎవరి తల్లీ గుమ్మం కేసి చూస్తూ ఉండిపోవక్కర్లేదు. అన్నీ మారాయి. కానీ మా ఇంట్లో కోడలు సిలిండరు ఎత్తి చూసి "గ్యాసు అయిపోవచ్చిందండి" అంటే, మా అబ్బాయి మంచం మీద నుంచి లేవకుండా "మొన్ననేగా మార్చేం, ఇంకా ఉంటాది" అంటాడు. అది మారలేదు.

"అత్తా, వంతెన దాకా గాలిలా తీసుకెళ్ళిపోతాను. ముల్లు కరెక్టుగా చూపిస్తోంది. ఎక్కు" అన్నాడు సతీషు.

ఆ "ఎక్కు" నాకు పెదనాన్నగారి నోట్లోంచి వచ్చినట్టే వినబడింది. వాడి తప్పేం లేదు, వాడికి తెలియదు. అయినా సంచీ భుజానికి తగిలించుకున్నాను.

"ముల్లు బాగుపడింది నాన్నా, నాకు తెలుసు. మీ నాన్న నోరు బాగుపడ్డాక చెప్పు, ఎక్కుతాను."

రోడ్డు మీదకి నడిచి ఆటో ఎక్కాను. అది జరిగి కొన్నాళ్ళయింది. ఆ కారు పూలదండలతో ఊళ్ళన్నీ తిరుగుతోంది, ఎక్కడా ఆగడం లేదట. అన్నయ్య దగ్గర నుంచి ఫోను ఇంకా రాలేదు. నేనింకా ఎక్కలేదు.